పొద్దుగాల నల్లగొండలో ఎక్కి మాపటికి ఇంటికి చేరేలా: పాతబస్తీ ఒక్కరోజు యాత్ర

మన నల్లగొండోళ్ళకు హైదరాబాద్ కొత్తేం కాదు. ఆసుపత్రికి పోతాం, పెళ్ళి బట్టలకు పోతాం, పిల్లల కాలేజీ సీటు కోసం పోతాం. పనికోసం నూరుసార్లు పోయినవాళ్ళం, చూడటానికని ఒక్కరోజు పెట్టుకుని పోయినవాళ్ళం మాత్రం తక్కువ. మా అత్తమ్మ అరవై ఏళ్ళు దాటేదాకా చార్మినార్‌ను బస్సు కిటికీలోంచి కూడా చూడలేదు. ఆమెనూ ఇద్దరు పిల్లల్నీ తీసుకుని నేనూ మా ఆయనా పోయొచ్చిన తీరు, అంతకుముందు రెండుసార్లు పోయి తెలుసుకున్న సంగతులు కలిపి ఇక్కడ రాస్తున్నా. మీరూ ఇంటిల్లిపాదీ పోయి రావాలని నా కోరిక.

ముందే ఒక మాట. ఒక్కరోజులో హైదరాబాద్ మొత్తం చూడలేం. మేం మొదటిసారి పోయినప్పుడు జూపార్కు, గోల్కొండ, చార్మినార్, బిర్లా మందిర్, ట్యాంక్‌బండ్ అని చీటీ రాసుకున్నాం. ఆ అయిదూ ఒక్క దిక్కున ఉండవు. రోజులో సగం ఆటోల్లోనే పోయింది, రెండు చోట్లు కూడా కుదురుగా చూడలేదు. అందుకే ఒక్కరోజుకు ఒక్క దిక్కు పెట్టుకోండి. మొదటిసారి పోయేవాళ్ళకు ఆ దిక్కు పాతబస్తీయే కావాలంటాను. మన బస్సులు ఆగే ఎంజీబీఎస్‌కు అది రెండు మూడు కిలోమీటర్ల లోపే. చూడదగ్గవి ఒకదాని పక్కన ఒకటి ఉంటాయి, కాలినడకన పోవచ్చు.

ముందు రోజు ఎంచుకోండి

శుక్రవారం వద్దు. సాలార్‌జంగ్ మ్యూజియం, చౌమహల్లా ప్యాలెస్ రెండూ శుక్రవారం మూసి ఉంటాయి. కుతుబ్‌షాహీ సమాధులకు కూడా శుక్రవారం సెలవే. మక్కా మసీదులో ఆ రోజు మధ్యాహ్నం వేల మంది నమాజుకు వస్తారు కాబట్టి చుట్టుపక్కల దారులన్నీ కిక్కిరిసి ఉంటాయి.

ఆదివారం పోవచ్చు గానీ చార్మినార్ దగ్గర జనం విపరీతం. పిల్లలకు బడి లేని శనివారం దొరికితే అదే మేలు. దసరా సెలవుల్లోనో సంక్రాంతి సెలవుల్లోనో అయితే మంగళవారం, బుధవారం పెట్టుకోండి. నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా ఎండ తక్కువ, నడవడానికి హాయి. ఏప్రిల్, మే నెలల్లో ముసలివాళ్ళను, చిన్నపిల్లలను తీసుకుపోవద్దు. రాతి కట్టడాలు, రాతి నేల కదా, పగలు పన్నెండయ్యేసరికి సెగలు కక్కుతాయి.

రంజాన్ నెల సంగతి వేరు. పాతబస్తీ రాత్రిపూట మేలుకునే నెల అది. హలీం వాసన, తెల్లవారేదాకా బజార్లు, దీపాలు. చూసి తీరాల్సిందే గానీ, మాపటికి ఇల్లు చేరాలనుకునేవాళ్ళకు కుదరదు. రాత్రికి అక్కడ ఉండే ఏర్పాటు ఉంటేనే రంజాన్‌లో పోండి.

గంటలు వెనక నుంచి లెక్కపెట్టండి

నల్లగొండ నుంచి హైదరాబాద్‌కు సుమారు 100 కిలోమీటర్లు. నార్కట్‌పల్లి, చిట్యాల, చౌటుప్పల్, హయత్‌నగర్ మీదుగా ఎల్బీనగర్ చేరాలి. ఎంజీబీఎస్ దాకా రెండున్నర నుంచి మూడు గంటలు పట్టొచ్చని పెట్టుకోండి. ఇంటికి రాత్రి తొమ్మిదికి చేరాలంటే ఆరింటికల్లా తిరుగు బస్సులో కూర్చోవాలి. అంటే చివరి చోటు నుంచి అయిదింటికి బయటపడాలి. పొద్దున ఆరింటికి ఇక్కడ బస్సెక్కితే తొమ్మిదికి అక్కడ ఉంటాం. మన చేతిలో ఉన్నది ఎనిమిది గంటలు. అందులో తిండికి, కూర్చోవడానికి, బాత్రూములకు గంటన్నర తీసేయండి. మిగిలిన ఆరున్నర గంటలే మన యాత్ర.

ఈ లెక్క తెలిశాక రెండో సంగతి అర్థమైంది నాకు. బస్టాండుకు ఏది దూరమో దాన్ని పొద్దున చూడాలి, ఏది దగ్గరో దాన్ని చివరికి పెట్టుకోవాలి. మేం రెండోసారి పోయినప్పుడు ఉల్టా చేశాం. బస్టాండుకు దగ్గరని పొద్దున్నే మ్యూజియంలో దూరాం. మిట్టమధ్యాహ్నం ఎండలో చార్మినార్ మెట్లెక్కాం. సాయంత్రం సంచులు మోసుకుంటూ ట్రాఫిక్‌లో పడి బస్టాండుకు తిరిగొచ్చేసరికి, ఎక్కాల్సిన బస్సు పోయింది. మూడోసారి దాన్నే తిరగేశాం. పొద్దున చల్లగా ఉన్నప్పుడు ఆటోలో నేరుగా చార్మినార్ పోయాం. అక్కడి నుంచి వేసిన ప్రతి అడుగూ ఇంటి దిక్కే. ఎండ ముదిరేసరికి మ్యూజియం కప్పు కింద ఉన్నాం. రోజంతా అలుపు తెలియలేదు. ఈ కింద రాసేదంతా ఆ మూడోసారి దారే.

బస్సా, రైలా, కారా

బస్సుకే నా ఓటు. 2023 డిసెంబర్ 9 నుంచి మన ఆడవాళ్ళకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. సిటీలో ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో కూడా అంతే. తెలంగాణ చిరునామా ఉన్న ఆధార్ కార్డు అసలుది దగ్గర పెట్టుకోండి, కండక్టర్‌కు చూపించి జీరో టికెట్ అడిగి తీసుకోండి. డీలక్స్, సూపర్ లగ్జరీ బస్సులకు ఇది వర్తించదు. కాబట్టి ఎక్కే ముందు బోర్డు చూసుకోండి.

ఎక్కడ దిగాలి? ఆరుకు ముందు బస్సెక్కితే ఎంజీబీఎస్ దాకా సీట్లోంచి లేవొద్దు. ఏడు తర్వాత బయలుదేరితే ఎల్బీనగర్ చేరేసరికి ఆఫీసుల వేళ అవుతుంది, దిల్‌సుఖ్‌నగర్, మలక్‌పేట దాటడమే గగనం. అప్పుడు ఎల్బీనగర్‌లో దిగి మెట్రో ఎక్కండి. ఎంజీబీఎస్ ఏడో స్టేషన్, పావుగంట ప్రయాణం. మెట్రోలో ఆడవాళ్ళకూ టికెట్ ఉంటుంది, అయినా ఆ పూట మిగిలే సమయం ముందు ఆ పైసలు ఎక్కువ కాదు. పైగా మెట్రో ఎన్నడూ ఎక్కని పిల్లలకు అదీ ఒక చూడాల్సిన చోటే. చార్మినార్ దాకా మెట్రో ఉందనుకుని కొందరు వస్తారు. లేదు, ఎంజీబీఎస్ దగ్గరే దిగాలి.

ఎల్బీనగర్, వనస్థలిపురం, దిల్‌సుఖ్‌నగర్‌లో మనకు చుట్టాలు లేని ఇల్లుండదు. వస్తున్నామని ముందే చెబితే చాయ్‌కి రమ్మంటారు, చాయ్ అన్నం అవుతుంది, రోజు అక్కడే గడిచిపోతుంది. వాళ్ళ ప్రేమకు పేరు పెట్టడం లేదు. చుట్టాల కోసం వేరే రోజు పెట్టుకుని నిండుగా పోయి రండి.

రైల్లో పోయేవాళ్ళు బీబీనగర్ మీదుగా పోతారు. 2025 జనవరిలో చర్లపల్లి కొత్త టెర్మినల్ తెరిచారు. మీరు ఎక్కే బండి సికింద్రాబాద్ పోతుందో, చర్లపల్లిలోనే ఆగుతుందో టికెట్ తీసుకునేముందే చూసుకోండి. చర్లపల్లి నుంచి పాతబస్తీ చాలా దూరం.

సొంత కారైతే పంతంగి టోల్‌గేటు దాటి ఎల్బీనగర్ దాకా తేలిగ్గానే వస్తారు. కారును పాతబస్తీ సందుల్లోకి మాత్రం తీసుకుపోవద్దు. పార్కింగ్ ఉన్న మెట్రో స్టేషన్ దగ్గర పెట్టి రైలెక్కండి.

దేవరకొండ దిక్కు నుంచి వచ్చేవాళ్ళకు మాల్, ఇబ్రహీంపట్నం దారి ఉంది. పాలమూరు వాళ్ళు జడ్చర్ల, షాద్‌నగర్, శంషాబాద్ మీదుగా ఆరాంఘర్ చేరతారు. వాళ్ళు ఎంజీబీఎస్ దాకా పోయి వెనక్కి రావాల్సిన పని లేదు. ఆరాంఘర్‌లోనే దిగి, జూపార్కు, బహదూర్‌పురా మీదుగా చార్మినార్ చేరొచ్చు. మహబూబ్‌నగర్ రైలైతే కాచిగూడలో దిగి ఆటో మాట్లాడుకోవాలి.

సంచిలో ఏం పెట్టాలి

సంచి ఒక్కటే ఉండాలి, భుజానికి తగిలించుకునేది. మనిషికో నీళ్ళ సీసా. పిల్లలకు సకినాలో, మురుకులో, రెండు అరటిపండ్లో. పొద్దున బస్సులో తినడానికి పులిహోర కట్టుకుంటే దిగాక టిఫిన్ కోసం వెతుక్కునే అరగంట మిగులుతుంది. మధ్యాహ్నానికి మాత్రం సద్ది కట్టొద్దు, పాతబస్తీకి పోయి ఇంటి పెరుగన్నం తిని రావడమేంటి!

చెప్పులు విప్పి తొడుక్కోవడానికి తేలిగ్గా ఉండాలి, కొత్తవి వేసుకోవద్దు. మసీదు ఆవరణలోకి పోతాం కాబట్టి మోకాళ్ళు, భుజాలు కప్పే బట్టలు వేసుకోండి. ఆడవాళ్ళు తలమీద కప్పుకోవడానికి చున్నీయో కొంగో ఉంటే చాలు. ఫోన్లో పైసలున్నా వంద, యాభై, ఇరవై నోట్లు కొన్ని పెట్టుకోండి, ఆటోకు, చాయ్‌కి అక్కరకొస్తాయి. చిన్నపిల్లల జేబులో మీ ఫోన్ నంబరు రాసిన చీటీ పెట్టండి. లాడ్ బజార్ జనంలో చెయ్యి వదిలితే కనబడటం కష్టం. తప్పిపోతే ఎక్కడ కలవాలో కూడా పెద్దవాళ్ళంతా ముందే అనుకోండి. మేం చార్మినార్‌కు దక్షిణం దిక్కు కమాను అనుకున్నాం.

ఎంజీబీఎస్‌లో దిగగానే ఇంకో పని. నల్లగొండ బస్సులు ఏ ప్లాట్‌ఫారం మీద ఆగుతాయో, సాయంత్రం అయిదు నుంచి ఎనిమిది దాకా ఏ వేళకు ఉన్నాయో అడిగి రాసుకోండి. పొద్దున ఓపికున్నప్పుడు అయిదు నిమిషాల పని, సాయంత్రం అలసి వచ్చాక అదే పెద్ద తిప్పలు.

తొమ్మిది గంటలు: చార్మినార్

బస్టాండు బయట ఆటో మాట్లాడుకోండి, ఎక్కేముందే ధర ఒప్పుకోండి. ఆటో అఫ్జల్‌గంజ్ మీదుగా నయాపూల్ దాటుతుంది. కింద మూసీ. ఇప్పుడు చూస్తే సన్నటి పాయ. 1908 సెప్టెంబర్ 28న ఇదే నది ఊరు మీదికొచ్చి వేలమందిని తీసుకుపోయింది. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని ఒక చింతచెట్టు ఎక్కి నూటయాభై మంది దాకా బతికారు. ఆ చెట్టు ఇంకా ఉంది. ఆ వరద తర్వాతే మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించి సలహా తీసుకున్నారు, ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారు. వంతెన దాటుతూ ఈ ముచ్చట పిల్లలకు చెప్పండి, తర్వాత చూసే ప్రతి రాయీ వాళ్ళకు వేరేగా కనిపిస్తుంది.

చార్మినార్ దగ్గర దిగగానే ముందు ఇరానీ చాయ్. పక్కనే బట్టీలోంచి అప్పుడే తీసిన ఉస్మానియా బిస్కెట్లు దొరుకుతాయి. కాస్త ఉప్పగా, కాస్త తియ్యగా, చాయ్‌లో ముంచితే నోట్లో కరిగిపోతాయి. మా అత్తమ్మ బిస్కెట్ అంటేనే ముఖం తిప్పే మనిషి, నాలుగు తిన్నది.

తొమ్మిదింటికి టికెట్ కౌంటర్ తెరుస్తారు. మనిషికి 25 రూపాయలు, 15 ఏళ్ళ లోపు పిల్లలకు టికెట్ లేదు. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్‌షా కట్టించాడు. ఊరిని పట్టిన మహమ్మారి పోయినందుకు గుర్తని చెప్పుకుంటారు. హిజ్రీ వెయ్యో సంవత్సరం రాక సందర్భంగా కట్టారని చెప్పే చరిత్రకారులూ ఉన్నారు. నాలుగు దిక్కులా ఉన్న గడియారాలు ఆ తర్వాత ఎప్పుడో 1889లో పెట్టినవి.

పైకెక్కే మెట్లు సన్నగా, మెలికలు తిరిగి, ఎత్తుగా ఉంటాయి, లోపల వెలుతురు తక్కువ. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు, బీపీ ఉన్నవాళ్ళు ఎక్కొద్దు. అత్తమ్మను కింద నీడన కూర్చోబెట్టి మా ఆయన తోడున్నారు. నేను, పిల్లలు పోయి వచ్చాక ఆయన పోయారు. ఇట్లా వంతులు వేసుకోండి, ముసలివాళ్ళను ఒంటరిగా వదలొద్దు. మొదటి అంతస్తు మీద నిలబడితే నాలుగు దార్లు నాలుగు గీతల్లా కనిపిస్తాయి. ఈ ఊరిని గీత గీసి కట్టారని అప్పుడు తెలుస్తుంది. తొమ్మిదిన్నర లోపు ఎక్కితే మెట్ల మీద ఎదురొచ్చేవాళ్ళు ఉండరు. పదకొండు దాటితే ఆ మెట్ల మీద ఊపిరాడదు.

కిందికి దిగాక నాలుగడుగుల్లో మక్కా మసీదు. 1617లో మొదలుపెట్టి, కుతుబ్‌షాహీల రాజ్యమే పోయాక, 1694లో ఔరంగజేబు కాలంలో ముగించారు. ఆవరణలో ఒక పక్కన ఆసఫ్‌జాహీ పాలకుల, అంటే నిజాంల, సమాధులున్నాయి. చెప్పులు విప్పి, గొంతు తగ్గించి, పావుగంట నిలబడి రండి. నమాజు వేళ కాకుండా చూసుకోండి.

పది దాటాక: చౌమహల్లా

మసీదు నుంచి ఖిల్వత్ దిక్కు పది పదిహేను నిమిషాలు నడిస్తే చౌమహల్లా ప్యాలెస్. పదింటికి తెరుస్తారు. హైదరాబాద్ చూడటానికి వచ్చినవాళ్ళలో చానామంది దీన్ని వదిలేసి పోతారు, అది నాకు బాధ. చార్మినార్ చుట్టూ ఉన్న సందడి మధ్యలోంచి ఒక గేటు దాటితే నీళ్ళ తొట్లు, చెట్లు, పావురాలు, నిశ్శబ్దం. పద్దెనిమిదో శతాబ్దంలో మొదలై పంతొమ్మిదో శతాబ్దంలో పూర్తయిన ఆసఫ్‌జాహీల కొలువు ఇది. దర్బారు హాల్లో బెల్జియం గాజు దీపాల గుత్తులు 19 వేలాడుతుంటాయి. కింద పాలరాతి గద్దె. మా చిన్నోడు మెడ పైకెత్తి వాటిని లెక్కపెట్టడం మొదలుపెట్టి, రెండుసార్లు తప్పి, మూడోసారికి సరిగ్గా చెప్పాడు. వెనక షెడ్డులో పాత కార్లున్నాయి, పసుపురంగు రోల్స్‌రాయిస్ వాటిలో పెద్దమ్మ.

ఇక్కడ కూర్చోవడానికి జాగా ఉంది, బాత్రూములున్నాయి. ముసలివాళ్ళకు, పిల్లలకు ఇదే మంచి మజిలీ. తొందరపెట్టకండి, గంటన్నర ఇవ్వండి. 2010లో యునెస్కో ఆసియా పసిఫిక్ వారసత్వ పురస్కారం దక్కింది దీనికి, మరమ్మతు చేసిన తీరు చూస్తే ఎందుకో తెలుస్తుంది.

పదకొండున్నర: లాడ్ బజార్

ప్యాలెస్ నుంచి వచ్చిన దారినే రావొద్దు. మహబూబ్ చౌక్ గడియార స్తంభం దిక్కు తిరిగి లాడ్ బజార్‌లోకి పడమటి నుంచి దిగండి. అప్పుడు చార్మినార్ ఎదురుగా కనిపిస్తూ ఉంటుంది, అంగళ్ళన్నీ చూసుకుంటూ దానికేసే నడుస్తాం. పొద్దున తొమ్మిదికి మూసి ఉన్న షట్టర్లు ఈ వేళకు లేచి ఉంటాయి.

ఇక్కడ కొనాల్సింది లక్క గాజులు. 2024లో వీటికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. లక్కను నిప్పు సెగ మీద మెత్తబరిచి, కమ్మీలా సాగదీసి, గాజుగా వంచి, వేడి ఆరకముందే ఒక్కొక్క అద్దపు రాయినీ చేత్తో అద్దుతారు. కొన్ని అంగళ్ళ ముందే ఈ పని చేస్తుంటారు, పది నిమిషాలు నిలబడి చూడండి. ఒక జతకు ఎంత కష్టముందో చూశాక బేరమాడే నోరు కాస్త మెత్తబడుతుంది. బేరం ఆడొద్దని కాదు. మొదటి అంగట్లో కొనొద్దు, మూడు చోట్ల ధర వినండి, తర్వాత మీకు నచ్చిన చోట మాట్లాడండి. ఇంటి దగ్గరివాళ్ళకు తేవాలంటే వాళ్ళ కొలత ముందే తెలుసుకోండి. రెండు నాలుగు, రెండు ఆరు, రెండు ఎనిమిది అని అడుగుతారు. అంటే రెండు అంగుళాల మీద పదహారో వంతులు అన్ని. కొలత తెలియకపోతే వాళ్ళ పాత గాజు ఒకటి సంచిలో వేసుకోండి. లక్క గాజు మట్టిగాజులా బిగించి తొడిగితే ఎక్కదు, విరుగుతుంది. కాస్త వదులుదే తీసుకోండి. ఎండలో పెట్టొద్దు, మెత్తబడుతుంది.

చీరలు కూడా పిలిచి పిలిచి చూపిస్తారు. ఇక్కత్ అచ్చు వేసిన బట్టను పోచంపల్లి అని చెప్పి అమ్మే అంగళ్ళుంటాయి. మనం ఆ మగ్గాల ఊరి పక్కవాళ్ళం. తిప్పి చూడండి, నేసిన ఇక్కత్‌కు రెండు వైపులా రంగు ఒకేలా ఉంటుంది, అద్దినదానికి వెనక వెలవెలబోతుంది. పోచంపల్లి చీర కావాలంటే తిరుగు దారిలో ఇంకో రోజు చౌటుప్పల్ దగ్గర మళ్ళి నేసినవాళ్ళ చేతి నుంచే తీసుకోండి.

నడుస్తూ మదీనా దాకా

చార్మినార్ నుంచి ఉత్తరానికి, అంటే మన బస్టాండు దిక్కు, నడక. ముందు చార్మినార్ కమాను, దాని అవతల నాలుగు దార్ల నడుమ గుల్జార్ హౌజ్ ఫౌంటెన్, తర్వాత మచ్లీ కమాను. తూర్పున కాలీ కమాను, పడమట షేర్‌ఎబాతిల్ కమాను. ఈ నాలుగూ కలిపే చార్‌కమాన్. చానామంది వీటి కిందుగానే పోతారు, తలెత్తి చూడరు. గుల్జార్ హౌజ్ దగ్గర ఒక్క నిమిషం ఆగి ఒక్కసారి చుట్టూ తిరిగి చూడండి, నాలుగు కమాన్లూ నాలుగు దిక్కులా నిలబడి కనిపిస్తాయి.

ఆ తర్వాత పత్తర్‌గట్టి, రాతి కమాన్ల కింద ముత్యాల అంగళ్ళు, అత్తర్లు, షేర్వానీలు. ముత్యాలు కొనాలనుకుంటే బిల్లిచ్చే పెద్ద అంగట్లోనే కొనండి, రోడ్డు మీద సంచిలోంచి తీసి చూపేవాళ్ళ దగ్గర వద్దు. అత్తరు మాత్రం చిన్న సీసా ఒకటి తెచ్చుకోండి. మట్టివాసన అత్తరు అడగండి, తొలకరి వాన పడ్డ మన చెలక గుర్తొస్తుంది.

పత్తర్‌గట్టి చివర మదీనా చౌరస్తా. ఒంటిగంట అవుతుంది, ఆకలి కూడా అవుతుంది. బిర్యానీకి ఈ చుట్టుపక్కల పాత హోటళ్ళు పేరుపొందినవి. ఒక ప్లేటు ఇద్దరికి సరిపోతుంది, ముందే అందరికీ చెప్పేయకండి. ఒంటిగంటన్నరకు జాగా దొరకదు, ఒంటిగంటకే కూర్చోండి. మాంసం తినని ఇంటివాళ్ళు చార్‌కమాన్ దగ్గరే ఏదైనా టిఫిన్ బండి మీద వెన్న దోసె తినేసి రండి, మదీనా దాకా ఆగితే ఎంపిక తగ్గుతుంది. తియ్యగా ఖుబానీ కా మీఠా తినండి, ఎండబెట్టిన జల్దారు పండ్లతో చేస్తారు, పైన మీగడ వేస్తారు.

రెండు గంటలు: సాలార్‌జంగ్ మ్యూజియం

మదీనా నుంచి మూసీ ఒడ్డుకు దగ్గరే మ్యూజియం. ఎండ ముదిరే వేళ, కాళ్ళు గుంజే వేళ, తిన్న అన్నం మత్తు వేళ. అందుకే దీన్ని ఇప్పటికి పెట్టాను. లోపల చల్లగా ఉంటుంది, అక్కడక్కడా కూర్చోవచ్చు. కొన్న సంచులు కౌంటర్ దగ్గర ఇచ్చేస్తే చేతులు ఖాళీ.

నిజాం దగ్గర దివానుగా చేసిన మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ పెళ్ళి చేసుకోలేదు. ఉన్న సంపదంతా వస్తువులు కూడబెట్టడానికే పెట్టాడు. 1949లో ఆయన పోయాక, 1951 డిసెంబర్‌లో ఆయన ఉన్న దివాన్ దేవిడీ అనే హవేలీలోనే మ్యూజియం తెరిచారు. ఇప్పటి భవనంలోకి 1968లో మార్చారు. ఒక్క మనిషి ఇష్టంతో ఇంత పోగుపడిందని తెలిసి చూస్తే ఆ గదుల రుచే వేరు.

అన్ని గదులూ చూడాలనుకోకండి. అయిదారు చోట్లు చాలు. ముసుగు రెబెక్కా ముందు నిలబడండి. 1876లో ఇటలీ శిల్పి బెంజోని చెక్కిన పాలరాతి బొమ్మ. రాతిని చెక్కి పల్చటి మేలిముసుగు తీశాడు, ముసుగు లోంచి ముఖం కనిపిస్తుంది. మా అత్తమ్మ చెయ్యి చాపి ఆగిపోయింది, నిజం బట్టేనేమో అని. తర్వాత ఒకే చెట్టు మొద్దులో ముందు మగ బొమ్మ, వెనక ఆడ బొమ్మ చెక్కిన శిల్పం, వెనక అద్దం పెట్టి ఉంటుంది. జేడ్ అనే పచ్చరాయి వస్తువుల గదిలో నూర్జహాన్ బాకు. దంతపు గదిలో టిప్పు సుల్తాన్ కుర్చీలు. పిల్లలుంటే బొమ్మల గది, ఆయుధాల గది.

గంటకు కొద్ది నిమిషాల ముందు మాత్రం గడియారం దగ్గరికి చేరండి. కుక్ అండ్ కెల్వీ గడియారం. తలుపు తెరుచుకుని గడ్డం మనిషి బొమ్మ ఒకటి బయటికొచ్చి గంట కొట్టి లోపలికి పోతుంది. పక్కన ఇంకో బొమ్మ కమ్మరిలా సెకన్లు కొడుతూనే ఉంటుంది. నూరు నూటయాభై మంది ఊపిరి బిగబట్టి చూస్తారు. మూడు గంటలదీ చూడొచ్చు, నాలుగు గంటలదీ చూడొచ్చు. నాలుగింటిదే చూడండి, ఒక దెబ్బ ఎక్కువ కదా అని మా చిన్నోడి సలహా. ముందు వరుసలో పిల్లల్ని కూర్చోబెట్టాలంటే పది నిమిషాల ముందే పోవాలి.

నాలుగున్నరకు బయటపడండి. మూసీ దాటితే బస్టాండు, నడిచినా తక్కువే, ఆటోలో అయితే కళ్ళు మూసి తెరిచేలోపు.

ఇంకా ఓపికుంటే ట్యాంక్‌బండ్

రాత్రి పదింటికి చేరినా ఫరవాలేదనుకునేవాళ్ళకే ఇది. ఎంజీబీఎస్‌లో మెట్రో ఎక్కి లక్డీకాపూల్‌లో దిగి ఆటోలో లుంబినీ పార్కు చేరండి. అక్కడి నుంచి పడవలో బుద్ధుడి దగ్గరికి పోవచ్చు.

మనకు ఆ బుద్ధుడు పరాయివాడు కాదు. భువనగిరి దగ్గర మన పాత నల్లగొండ జిల్లా రాయగిరి గుట్ట రాయి అది, ఒక్కటే రాయి. 1990 మార్చిలో పడవ మీద తీసుకుపోతుంటే బోల్తాపడి హుస్సేన్‌సాగర్‌లో మునిగింది, మనుషుల ప్రాణాలు పోయాయి. రెండేళ్ళకు పైగా నీళ్ళ అడుగునే ఉన్నాడు. పైకి తీసి 1992 డిసెంబర్ 1న నిలబెట్టారు. యాదగిరిగుట్టకు పోయేటప్పుడు రాయగిరి కమాను చూసిన ప్రతిసారీ నాకు ఆ విగ్రహమే గుర్తొస్తుంది.

తిరిగొచ్చేటప్పుడు రెండు దార్లు. లక్డీకాపూల్‌లో ఎక్కితే అదే మెట్రో లైను నేరుగా ఎల్బీనగర్ తీసుకుపోతుంది, అక్కడ నల్లగొండ బస్సు పట్టుకోవచ్చు. సమయం కలిసొస్తుంది గానీ అక్కడికొచ్చేసరికి బస్సులు నిండి ఉంటాయి, సీటు దొరకకపోవచ్చు. పెద్దవాళ్ళు, నిద్రపోయే పిల్లలు ఉంటే ఎంజీబీఎస్‌లోనే దిగి ఖాళీ బస్సులో కిటికీ పక్కన కూర్చోండి.

గోల్కొండ సంగతి

గోల్కొండను ఈ రోజులో ఇరికించవద్దు. దానికి, పక్కనే ఉన్న కుతుబ్‌షాహీ సమాధులకు కలిపి ఒక పూర్తి రోజు కావాలి. పాలమూరు వాళ్ళకు అది ఇంకా తేలిక, ఆరాంఘర్ నుంచి మెహదీపట్నం, అక్కడి నుంచి సిటీ బస్సులో కోట. పొద్దున తొమ్మిదికి తలుపు తీయగానే పోయి ఎండెక్కకముందే కోట పైకొనన ఉన్న బాలాహిస్సార్ మీదికి చేరాలి. కింద గుమ్మటం దగ్గర చప్పట్లు కొడితే పైన వినిపిస్తుంది. భద్రాచలం రామదాసును ఉంచిన చెర అని చూపే గది ఉంది. ఆషాఢంలో బోనాలు మొదలయ్యేది ఈ కోటలోని అమ్మవారికే, ఆ ఆదివారాల్లో పోతే కోట చూడలేరు గానీ బోనాలు చూస్తారు.

మా అత్తమ్మ ఆ రాత్రి నార్కట్‌పల్లి దాటేదాకా నిద్రపోలేదు. ఒళ్ళో గాజుల డబ్బా పట్టుకుని, ఆ గోల్కొండకు ఎప్పుడు పోదామని అడిగింది. కార్తీకం అయ్యాక, ఒక శనివారం అని చెప్పాను.